జొన్నరొట్టె సీమ పాట

కార్తీక శుద్ధ దశమి వచ్చిందంటే కర్నూలు జిల్లా చిప్పగిరిలో విజయదాసుల ఆరాధన. గుంతకల్లుకు దగ్గరలోని ఆ ఊళ్లో 1755లో ఆయన దేహం చాలించారు. పుట్టింది మాత్రం తుంగభద్ర ఆవలి ఒడ్డున, రాయచూరు జిల్లా మాన్వి పక్కనున్న చీకలపర్విలో, 1682లో. పాటలు కట్టింది కన్నడంలో, కన్ను మూసింది తెలుగు నేల మీద. ఆ పాటలు పుస్తకం చూడకుండా పాడుకునే ఇళ్లు ఏటికి రెండు వైపులా ఉన్నాయి. ఇటు ఆదోని, మంత్రాలయం. అటు రాయచూరు, మాన్వి, లింగసుగూరు, ఐజ, గద్వాల. బజారులో తెలుగు, బడిలో కన్నడం, కచేరీలో ఒకప్పుడు ఉర్దూ నడిచిన సీమ ఇది. 1956 దాకా రాయచూరు, గద్వాల రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. పాటకు మాత్రం ఆనాడూ ఈనాడూ ఎల్లలు పెట్టినవారు లేరు.

పాటలు రాసేవారి ప్రభావం గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు లెక్కలే ముందు గుర్తొస్తాయి. ఎన్ని పాటలు రాశారు, ఎన్ని సినిమాలకు రాశారు, ఫోనులో ఎంతమంది చూశారు. రాయచూరు సీమ చరిత్ర చదివితే ఆ కొలతలు చాలవనిపిస్తుంది. ఆ రచయిత పాట విన్నాక ఎందరు తాము కూడా పాట కట్టడానికి కూర్చున్నారన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న. ఈ లెక్కన చూస్తే మాన్వి చుట్టుపక్కల కొద్ది ఊళ్లు, ఒకే ఒక్క శతాబ్దంలో చూపించిన పంట ఆశ్చర్యం కలిగిస్తుంది. చీకలపర్విలో విజయదాసు. దేవదుర్గ వైపు మొసరకల్లులో గోపాలదాసు. మాన్వికి దగ్గరి బ్యాగవాటలో జగన్నాథదాసు. లింగసుగూరులో ప్రాణేశదాసు. ఎద్దుబండి మీద తిరిగి చుట్టి రాగల దూరంలో ఇందరు పాటగాళ్లు ఒకరి చేయి పట్టుకుని ఒకరు పైకి వచ్చారు.

హరిదాసులైన వీళ్లందరికీ మూలపురుషుడు పురందరదాసు. ఆయన కాలం చేసింది 1564లో. విజయదాసు పుట్టేసరికి నూరేళ్లు దాటాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే వీలే లేదు. పేదరికం తట్టుకోలేక ఇల్లు విడిచి, ఊళ్లు తిరిగి కాశీ చేరిన దాసప్ప అనే యువకుడికి అక్కడ కలలో పురందరదాసు కనిపించి, నాలుక మీద బీజాక్షరాలు రాసి, ‘విజయ విఠల’ అనే అంకితం ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది. కలను నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. కానీ ఆ కల వెనక ఉన్న నిజం కళ్ల ముందే ఉంది. నూరేళ్ల కిందటి మనిషి పాట, గురువు లేకుండా, బడి లేకుండా, ముసలమ్మల నోళ్ల మీదుగా, ఉంఛవృత్తికి తిరిగే దాసుల తంబూరల మీదుగా నడిచి వచ్చి ఒక పేద కుర్రవాణ్ని కదిలించింది. కదిలిన ఆ కుర్రవాడు ఇరవై అయిదు వేల రచనలు చేశాడంటారు. అంకె మాట అటుంచి, దొరికిన వాటిని చూసినా ఇది మామూలు ఊట కాదు.

అంకితం గురించి ఒక్క మాట. మన కవులు కలం పేర్లు తామే పెట్టుకుంటారు. దాసులకు అంకితం గురువు చేతి మీదుగా రావాలి. అది రాకముందు కట్టిన పాట పాట కాదు. వచ్చాక కట్టిన ప్రతి పాట చివరి చరణంలోనూ ఆ పేరు ఉండాలి. విజయ విఠల, గోపాల విఠల, జగన్నాథ విఠల: చివరనున్న ఆ ‘విఠల’ వీళ్లందరికీ ఇంటిపేరులాంటిది. పాడేవారు ఎవరైనా, వరస ఎలా మారినా, ఆఖరి చరణానికి వచ్చేసరికి కట్టినవారి పేరు నోటి నుంచి వెలువడక తప్పదు. అచ్చుయంత్రం లేని కాలంలో రచయిత పేరును శ్రోత నోటికే అప్పగించిన ఏర్పాటు ఇది. దాని ధర్మమా అని, రాయచూరు సీమలో చదువురాని వృద్ధురాలు కూడా తాను పాడేది విజయదాసుదో జగన్నాథదాసుదో తడుముకోకుండా చెబుతుంది.

ఈ వరుసలో జగన్నాథదాసు కథ దగ్గర ఆగాలి. ఆయన అసలు పేరు శ్రీనివాసాచార్యులు. సంస్కృతంలో ఉద్దండుడు. మాన్విలో పాఠం చెప్పేవాడు, శిష్యులకు కొదవ లేదు. శాస్త్రం సంస్కృతంలోనే ఉండాలి, వీధుల్లో గజ్జె కట్టి కన్నడంలో పాడేవారికి తత్వం ఏం తెలుస్తుంది అన్న భావన ఆనాటి పండితుల్లో చాలామందికి ఉంది. ఆయనకూ ఉంది. విజయదాసు మాన్వికి వచ్చి భోజనానికి పిలిస్తే, కడుపు నొప్పి, ఆలస్యంగా తినలేనని కబురు పంపాడట. అబద్ధం నిజమై కూర్చుంది. నిజంగానే కడుపునొప్పి పట్టుకుని మనిషి చిక్కి శల్యమయ్యాడు. మంత్రాలయం వెళ్లి రాఘవేంద్రస్వామి బృందావనం ముందు సేవ చేస్తే, ఎవరిని అవమానించావో వాళ్ల దగ్గరికే పొమ్మని స్వప్నం. విజయదాసు ఆయనను తన శిష్యుడు గోపాలదాసు దగ్గరికి పంపాడు. గోపాలదాసు జొన్నరొట్టె పెట్టాడు. తన ఆయువులో నలభై ఏళ్లు ధారపోశాడు. శ్రీనివాసాచార్యులు ఆ రొట్టె తిని బతికాడు. తర్వాత పండరిపురంలో, చంద్రభాగ నీళ్లలో, ‘జగన్నాథ విఠల’ అన్న అంకితం దొరికింది.

ఈ కథ ఆ సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో మనసుకు పట్టే వస్తువు ఆ రొట్టె. మందు కాదు, తీర్థం కాదు, తులసి దళం కాదు. రాయచూరు నల్లరేగడిలో పండే జొన్న, పొద్దున్నే పొయ్యి మీద కాలే రొట్టె, ప్రతి ఇంటి రోజువారీ తిండి. జనం తినే తిండి కడుపులో పడ్డాకే ఆ పండితుడి నోట జనం మాట పలికిందని కథ కట్టినవారు చెప్పదలచుకున్నారేమో. ఆ మనిషి 1809 దాకా జీవించి హరికథామృతసారం రాశాడు. భామినీ షట్పదిలో, ముప్పై రెండు సంధుల్లో, మధ్వ సిద్ధాంతం మొత్తాన్ని కన్నడంలో పెట్టిన గ్రంథం అది. సంస్కృతం రానివారికి తత్వం ఎందుకన్న చోటు నుంచి, పండితులు సైతం కన్నడ పద్యానికి వ్యాఖ్యానాలు రాసే చోటికి ఆయన తన కాలాన్ని లాక్కొచ్చాడు.

ఇంతకంటే నాకు ముచ్చటగా తోచేది ఆయన ‘తత్వ సువ్వాలి’. సువ్వి పాట మనకు కొత్త కాదు. రోకలి పోటుకు ఊపిరి కలుపుతూ ఆడవాళ్లు పాడే దంపుళ్ల పాట తెలుగు పల్లెల్లోనూ ఉంది. ఆ మట్టులోకి, మూడు పాదాల త్రిపదిలోకి, మహా పండితుడు తన విద్యను దించాడు. దించాడు అనడం కూడా సరికాదు. ఆడవాళ్ల నోట నిలిచిన మట్టులో ఉన్నదే నిలుస్తుందని ఆయన గ్రహించాడు. పాట రాసేవారికి తెలియవలసిన మొదటి విషయం అదే: ఎవరు పాడుతారు, ఏ పని చేసుకుంటూ పాడుతారు.

గోపాలదాసు అసలు పేరు భాగన్న. భక్తి అంటే భాగన్నదే అని దాస సంప్రదాయంలో నానుడి. ఇప్పుడు తెలంగాణలో ఉన్న ఐజ దగ్గరి ఉత్తనూరు ఆయన నివాసం. ఆయన తమ్ముళ్లు కూడా పాటలు కట్టారు. పాటలు కట్టిన హెళవనకట్టె గిరియమ్మకు ఆయన అండగా నిలిచారని కూడా చెబుతారు. సంసారం చేయమని ఒత్తిడి, రాగాలు తీస్తోందని ఆక్షేపణ, వాటి నడుమ ఆ అమ్మ పాటలు నిలవడం చిన్న సంగతి కాదు. ఇక కోసిగి ప్రాంతపు గురు జగన్నాథదాసు, తెలుగు ఊళ్ల నడుమ ఉండి, కన్నడంలోనే రాఘవేంద్రస్వామి చరిత్రను పాడారు. గురువు పేరే అంకితమైన శిష్యుడు. ఇలా ఈ వరుస ఇరవయ్యో శతాబ్దం గుమ్మం దాకా వచ్చింది.

ఈ పరంపర సంగీతానికి చేసిందేమిటో తెలుగు ఇళ్లలోని పిల్లలకు తెలియకుండానే తెలుసు. రాజమండ్రిలో గానీ, కరీంనగరులో గానీ, న్యూజెర్సీలో గానీ ఏడేళ్ల పిల్ల సంగీతం మాస్టారి ముందు కూర్చుని మొదటి రోజు పట్టే సరళీ వరసలు మాయామాళవగౌళలో ఉంటాయి. ఆ తర్వాత జంటలు, అలంకారాలు, మలహరిలో పిళ్లారి గీతాలు. ఈ మెట్లు కట్టింది పురందరదాసని సంగీత లోకం నమ్మకం. అలంకారాల్లో ఆ పిల్ల వేసే ఏడు తాళాలు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక. వీటిని సూళాది సప్త తాళాలంటారు. ఆ సూళాది అన్న ప్రక్రియలో అందరికంటే ఎక్కువ కృషి చేసినవారిలో మన చీకలపర్వి విజయదాసు ఒకరు. సూళాది దాసప్ప అనే పేరు పొందారు. ఒకే రచనలో ఒక్కో ఖండం ఒక్కో తాళంలో నడుస్తుంది, చివర ‘జతె’ అనే చిన్న ముగింపు. వేగం మారినప్పుడల్లా ఆలోచన కూడా మలుపు తిరుగుతుంది. తాళం వేసుకుంటూ వింటే, ఒక మనిషి తనలో తాను వాదించుకుంటూ ఒక ఒడ్డుకు చేరుతున్నట్టు వినిపిస్తుంది.

తిరువయ్యారులో త్యాగరాజు తన ప్రహ్లాద భక్తి విజయంలో పురందరదాసును స్తుతించారు. త్యాగరాజు పుట్టింది 1767లో. అంటే మాన్విలో జగన్నాథదాసు రాస్తున్న రోజుల్లోనే కావేరి ఒడ్డున త్యాగయ్య పాడుతున్నారు. ఒకే పెద్దాయన పాట ఇద్దరికీ దారి చూపింది. ఒకరి దారి కచేరీ వేదికకు వెళ్లింది. మరొకరిది రోలూ రోకలీ దగ్గరికి వెళ్లింది. వేదిక దారినే మనం సంగీత చరిత్ర అని పిలవడం అలవాటు చేసుకున్నాం. రెండో దారికి పుస్తకాల్లో దక్కింది నాలుగు వాక్యాలే. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

పక్కనే అన్నమయ్యను తలుచుకుంటే మరో సంగతి తెలుస్తుంది. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీదకెక్కాయి. తిరుమల కొండ మీద భాండారంలో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి కానీ పాడేవారు కరవయ్యారు. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు రెక్కలు ముక్కలు చేసుకుంటే తప్ప ఆ పాట మళ్లీ గొంతుకు రాలేదు. రేకుల మీద రాగం పేరు ఉంది, వరస లేదు. కొత్తగా స్వరపరచుకోవలసి వచ్చింది. దాసుల పాట కథ ఇందుకు తిరగబడింది. రాగిరేకు లేదు, రాజుగారి ఖర్చు లేదు. నోరే నిలువ. అందుకే అది ఒక్కనాడూ ఆగలేదు. పాఠాలు మారాయి, చరణాలు కలిశాయి, ఒకరి పాటకు మరొకరి అంకితం తగులుకున్న సందర్భాలూ ఉన్నాయి. అయినా పాట బతికే ఉంది.

నోటి మీద బతికినదానికి నోటి కష్టాలే వస్తాయి. క్యాసెట్లు వచ్చాక దాసుల పదాలకు కొత్త వెలుగు వచ్చింది. గదగ్ నుంచి వెళ్లి హిందుస్తానీ సంగీతంలో శిఖరమైన పండిత భీమ్‌సేన్ జోషి పాడిన దాసవాణి, కన్నడం రాని మరాఠీ ఇళ్లకూ తెలుగు ఇళ్లకూ చేరింది. రాయచూరు శేషగిరిదాస్ వంటివారు ఆ పనినే ఆ సీమ పేరుతో ముందుకు తీసుకెళ్లారు. వారికి ఎంత చెప్పినా రుణం తీరదు. కానీ అదే సమయంలో మరొకటి జరిగింది. క్యాసెట్టులోని వరసే అసలు వరస అయిపోయింది. అమ్మమ్మ పాడే వరస ‘తప్పు’ అయింది. మాన్విలో ఒక తీరు, లింగసుగూరులో మరో తీరు, గద్వాలలో ఇంకో తీరుగా ఉండే పదం అంతటా ఒక్క తీరులోకి వచ్చేసింది. క్యాసెట్టుకు ఎక్కని వేల పదాలు పక్కకు తప్పుకున్నాయి. సూళాదుల పరిస్థితి మరీ కష్టం. ఇప్పుడు వాటిని ఎక్కువగా పారాయణంలా చదువుతున్నారు. ఏడు తాళాల్లో గజ్జె కట్టి పాడగలవారిని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. పేరు తాళాల్లో మిగిలి, పాట పుస్తకంలో మిగిలిపోవడం బాధ కలిగించే విషయం.

రాయచూరు పాట అంటే దాసుల పాట ఒక్కటే అనుకుంటే అన్యాయం చేసినవాళ్లమవుతాం. నిజం చెప్పాలంటే దాసుల పదం చాలాకాలం కొన్ని ఇళ్ల గడపల లోపలే ఎక్కువగా తిరిగింది. గడప బయట మరెన్నో ఉన్నాయి. రాయచూరు పట్టణంలో రంగమందిరానికి పండిత సిద్ధరామ జంబలదిన్ని పేరు పెట్టుకున్నారు. బసవాది శరణుల వచనాలను హిందుస్తానీ రాగాల్లో పాడి, చదువుకునే వచనాన్ని పాడుకునే వచనంగా జనం చెవిన వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ముద్గల్ కోట కింద మొహర్రం వస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి అన్ని కులాల వాళ్లూ చేరి, పీర్ల ముందు అడుగులు వేస్తూ రివాయతు పదాలు పాడతారు. కర్బలా కథ కన్నడంలో, మధ్యలో ఉర్దూ మాటలు, ఏటి ఇవతల అదే కథ తెలుగు పీర్ల పాటల్లో. వాటిని కట్టినవారిలో చాలామంది పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు. సింధనూరు వైపు తుంగభద్ర కాలువ నీళ్లు పారాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల క్యాంపులున్నాయి. ఆ క్యాంపుల్లోని వాళ్లు ఘంటసాల గొంతును వెంట తెచ్చుకున్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు రెండు భాషల పాటలూ పాడతారు.

తుంగభద్ర ఒడ్డునే బిచ్చాలి ఉంది. అది కూడా రాయచూరు జిల్లాయే. రాఘవేంద్రస్వామి శిష్యుడు అప్పణాచార్యుల ఊరు. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేస్తున్నారని విని, పొంగుతున్న ఏరు దాటి పరుగున వచ్చేసరికి చివరి రాయి కూడా పెట్టేశారట. దారిలో కట్టుకుంటూ వచ్చిన స్తోత్రం దుఃఖంతో ఆఖరి పాదం దగ్గర ఆగిపోతే, లోపలి నుంచి స్వామే పూరించారంటారు. గురువారం నాడు తెలుగునాట ఏ రాఘవేంద్ర మఠానికి వెళ్లినా వినిపించేది ఆ స్తోత్రమే. చదివే లక్షల మందికి స్తోత్రం కంఠతా వచ్చు. అప్పణాచార్యుల పేరు కూడా చాలామందికి వచ్చు. బిచ్చాలి ఎక్కడుందో ఎందరికి తెలుసు?

కట్టినవారి పేరు నిలబెట్టుకోవడం గురించి ఈ కాలంలో మనం కొంచెం సిగ్గుపడాలి. రేడియోలో పాట వేసేముందు రచన ఎవరు, సంగీతం ఎవరు, గానం ఎవరు అని చెప్పే మర్యాద ఉండేది. ఒక తరం తెలుగు శ్రోతలకు ఆత్రేయ, కృష్ణశాస్త్రి, ఆరుద్ర, దాశరథి పేర్లు అలాగే తెలిశాయి. ఇవాళ ఫోనులో పాట వెతికితే హీరో పేరు మీద దొరుకుతుంది. రాసినవారి పేరు చూడాలంటే మరో రెండు చోట్ల నొక్కాలి. 2012లో కాపీరైటు చట్టం సవరించి పాట రాసినవారికి రాయల్టీ హక్కు గట్టిపరిచారు. మంచి పని. కానీ చట్టం డబ్బు ఇప్పించగలదు గానీ పేరును జనం నోటికి ఎక్కించలేదు. ఆ పనిని అంకితం అనే ఒక్క కట్టుబాటుతో రాయచూరు దాసులు మూడు శతాబ్దాల కిందటే చేసి చూపించారు.

పాట పాటను పుట్టించడం ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. 1961లో అమెరికాలో పంతొమ్మిదేళ్ల బాబ్ డిలన్ ఆసుపత్రిలో ఉన్న జానపద గాయకుడు వుడీ గత్రీని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన పాటలు ఆయన ముందే పాడి వినిపించాడు. 2016లో ఆ డిలన్‌కే నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. మన దగ్గర గద్దర్ గజ్జె చప్పుడు విన్న తెలంగాణ పల్లెల్లో ఎందరు పిల్లలు పాట కట్టడం మొదలుపెట్టారో లెక్క తేలదు. రచయిత పోయాక మిగిలేది పాటలే అనుకుంటాం. ఆయనను చూసి కలం పట్టినవాళ్లు కూడా మిగులుతారు. చీకలపర్వి నుంచి కోసిగి దాకా జరిగింది ఇదే.

తిరుమల తిరుపతి దేవస్థానం దాస సాహిత్య ప్రాజెక్టు ద్వారా భజన మండళ్లను నడుపుతోంది. ఏటా పురందరదాసుల ఆరాధనకు వేల మంది భజనపరులు తిరుపతి చేరుతున్నారు. ఇందరు కూడే చోట చేయదగిన పని ఒకటుంది. అందరిచేతా ఒకే వరసలో ఒకే పదం పాడించడం చూడడానికి బాగుంటుంది. దానితోపాటు, మండలికి ఒకరు చొప్పున పెద్ద వయసు అమ్మలను కూర్చోబెట్టి, వాళ్ల ఇంట్లో వచ్చిన వరసలో ఒక పదం, వీలుంటే ఒక సూళాది పాడించి రికార్డు చేయాలి. చేతిలో ఫోను ఉన్నవారందరూ ఈ పని చేయగలరు. భాద్రపద శుద్ధ నవమికి మాన్విలో జగన్నాథదాసుల ఆరాధన, కార్తీకంలో చిప్పగిరి ఆరాధన ఇందుకు తగిన రోజులు. పదం ఎవరిది, పాడింది ఎవరు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చారు, ఏ ఊరి వరస, ఏ తాళం అన్న వివరాలు రికార్డు మొదట్లోనే చెప్పించాలి. అటు కన్నడ లిపిలో, ఇటు తెలుగు లిపిలో రెండు ప్రతులు రాసి, ఒకటి రాయచూరులో, ఒకటి తిరుపతిలో ఉంచాలి. ఈ వరసలు తెలిసిన అమ్మలు చాలామంది ఎనభై దాటారు. వచ్చే భాద్రపదానికే మొదలుపెట్టాలి.